పడవల కోసం తెచ్చిన రంగు

భూతద్దం ఒక బొమ్మను చేతిలోకి తీసుకున్నాడంటే ఆ గదిలో కుర్చీలు కూడా కిర్రుమనడం మానేసేవి.

ఆయనకు అసలు పేరు లేకపోలేదు. కానీ పాత ట్రామ్ బొమ్మలు పోగుచేసేవాళ్ల సంఘంలో ఆ పేరు ఎవరూ వాడరు. మొదట్లో వెనకాల అనుకునేవాళ్లు, తరవాత ధైర్యం చేసి ఎదురుగానే ‘భూతద్దం గారూ’ అనడం మొదలుపెట్టారు. ఆయన కోప్పడలేదు సరికదా, లోలోపల మురిసిపోయాడు. ఆ సంఘంలో అంతకు మించిన బిరుదు ఇంకేముంటుంది?

అరచేతిలో పట్టేంత బొమ్మలు అవి. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి, చల్లారాక రంగు కొట్టి, చక్రాలు తగిలించి, ఎప్పుడో మూతబడిన ఒక ఫ్యాక్టరీ పిల్లల కోసం వేలకు వేలు తయారుచేసింది. పిల్లలు వాటిని గోడలకేసి గుద్దారు, బురదలో నడిపారు, మరిచిపోయారు. ఆ దెబ్బలన్నీ తిని మిగిలినవాటిని ఇప్పుడు జుట్టు నెరిసినవాళ్లు దూదిలో చుట్టి దాచుకుంటున్నారు. కొత్తగా వచ్చినవాడికి అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. ఆ మాట పైకి అన్నాడో, ఆ రోజు వాడికి టీ కూడా ఎవరూ ఇవ్వరు. సంఘం బతికేదే తేడాల మీద. ఒకదాని చక్రం మధ్యలో చిన్న గుంట ఉంటుంది, ఇంకోదానికి ఉండదు. ఒకదాని ముందు దీపం చుట్టూ సన్నటి గీత ఉంటుంది, అచ్చు అరిగిపోయాక పోసినదాంట్లో ఆ గీత మాసిపోయి ఉంటుంది. ఆ తేడా ఫ్యాక్టరీలో పుట్టిందా, ఎవరో ఇంట్లో కూర్చుని పుట్టించిందా అని తేల్చేది భూతద్దం. ఆయన తేల్చాక ఇక వాదన ఉండదు.

ఆ ఆదివారం సంఘం కూడిన గదిలోకి ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. మందుల షాపు నడుపుతుందట. ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా తన వంతు వచ్చేదాకా గోడవారగా నిలబడి, వచ్చాక చేతిరుమాలు విప్పి ఒక ట్రామ్‌ని భూతద్దం ముందున్న గుడ్డ మీద పెట్టింది.

“ఇది నీలం ట్రామ్ అండీ,” అంది.

గదిలో నలుగురైదుగురు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నీలం ట్రామ్ కథ తెలియనివాళ్లు అక్కడ లేరు. ఫ్యాక్టరీ ఆ రకం ట్రామ్‌ని ఆకుపచ్చలో తప్ప ఇంకే రంగులోనూ చెయ్యలేదు. కానీ ఒకే ఒక్కసారి, ఒకే ఒక్క పళ్లెం నిండా నీలం ట్రామ్‌లు తయారయ్యాయని పుకారు. చూసినవాడు లేడు, చూశానన్నవాళ్లు మాత్రం కొల్లలు. ఆకుపచ్చదాన్ని గీకి నీలం పూసి తెచ్చినవాళ్లందరినీ భూతద్దం వచ్చిన దారినే పంపించాడు. పైకి నవ్వేవాడే గానీ, ఒక్కటంటే ఒక్క నిజమైన నీలం ట్రామ్‌ని చూసి చచ్చిపోవాలని ఆయనకు ఎంత కోరికో ఇంట్లో ఆయన భార్యకు ఒక్కదానికే తెలుసు.

ఆయన తొందరపడలేదు. ముందు బొమ్మను బోర్లా తిప్పాడు. అడుగు రేకును పట్టి ఉంచే రెండు రివెట్ల మీదికి భూతద్దం దించాడు. ఫ్యాక్టరీలో రంగు కొట్టి ఆరబెట్టాకే రివెట్ తలలు చితగ్గొట్టేవాళ్లు, అందుకని వాటి మీద రంగు మచ్చ ఉండకూడదు. లేదు. ఎవరైనా విప్పి మళ్లీ బిగించి ఉంటే రేకు అంచున గీతలు పడాలి. పడలేదు. మెట్టు దగ్గర చిన్న పెచ్చు ఊడిన చోట చూశాడు. పైన ఒకే పూత, దాని కింద నేరుగా లోహం, మధ్యలో వేరే రంగు జాడ లేదు. గోటితో తట్టాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. చివరికి చిన్న టార్చి తీసి కిటికీల్లోంచి కప్పు లోపలికి వెలుగు వేసి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశాడు. టేబుల్ చుట్టూ మూగినవాళ్లు ఇంకాస్త దగ్గరికి జరిగారు.

బొమ్మ నిఖార్సయినదేనని, ఎవరూ చెయ్యి పెట్టలేదని, ఫ్యాక్టరీ రంగేనని చెప్పాడు. ఆవిడ మొహం వెలిగింది.

“కానీ ఇది ఆకుపచ్చ,” అన్నాడు.

ఆవిడ నమ్మలేనట్టు బొమ్మ వైపు చూసింది. కాదండీ, నీలం కదా అంది. ఆయన ఓపిగ్గానే వివరించాడు. ఎండ తగిలితే ఆకుపచ్చలోని పసుపు ముందు ఎగిరిపోతుంది, మిగిలింది నీలంలా భ్రమపెడుతుంది, అందుకే ఎండ సోకని చోటు చూడాలి, కప్పు లోపల తను చూశాడు, అక్కడ శుభ్రంగా ఆకుపచ్చ. పక్కనే ఉన్న సంఘం సెక్రటరీ ముందుకు వంగి ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు.

“మా నాన్న ఆ ఫ్యాక్టరీలోనే చేసేవారండీ. నీలమని ఆయనే చెప్పారు.”

“నాన్నలు చాలా చెబుతారమ్మా,” అన్నాడు భూతద్దం.

అందరూ గొల్లున నవ్వారు. ఆయన ఎగతాళికి అనలేదు, మాట బాగా అమరిందని అనేశాడు. ఆ సంఘంలో ఒక అలవాటు ఉంది. చెప్పిన గొప్ప నిలబడని బొమ్మను చక్రాలు పైకి పెట్టి టేబుల్ మీద పడుకోబెడతారు, దాని సొంతదారు వచ్చి తీసుకోవాలి. ఎవరో చెయ్యి చాపి ఆ ట్రామ్‌ని వెల్లకిలా పడేశారు. ఆవిడ దాన్ని చేతిరుమాల్లో చుట్టుకుని, సెక్రటరీకి చీటీ మీద తన ఫోన్ నంబరు రాసిచ్చే పద్ధతి కూడా పూర్తిచేసి, వెళ్లిపోయింది. తలుపు దాటుతున్నప్పుడు ఆవిడ మెడ ఎర్రబడి ఉండడం భూతద్దం గమనించాడు. మనసు కాస్త చివుక్కుమంది. ఆ వెంటనే ఇంకెవరో ఇంకో బొమ్మ ముందు పెట్టారు.

రెండు రోజుల తరవాత ఆయన కుడికంటికి శుక్లం తీశారు. నిజానికి ఆయన దృష్టిలో అది పెద్ద విషయమే కాదు. ఉత్తరాలు చదువుతుంటే కాస్త మసకేస్తోందని, రాత్రిపూట దీపాల చుట్టూ పిండి రాలినట్టుందని వెళ్తే, డాక్టరమ్మ చూసి, ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చారండీ అని తిట్టినంత పని చేసింది. ముందు కుడికన్ను, అది కుదుటపడ్డాక ఎడమకన్ను అంది. ఆయన సరేనన్నాడు.

మర్నాడు పొద్దున్న ఆసుపత్రిలో కట్టు విప్పారు. మొదట కంటినిండా నీళ్లు. నర్సు దూదితో అద్ది, మెల్లిగా తెరవమంది. తెరిచాడు.

ముందు కనబడింది నర్సు వేసుకున్న కోటు. తెల్లగా ఉంది. తెలుపు అంటే ఏమిటో ఆయనకు తెలుసనుకున్నాడు ఇన్నాళ్లూ. ఇది ఆ తెలుపు కాదు. నిన్నటిదాకా చూసిన తెల్లకోట్లన్నీ టీలో ముంచి ఆరేసినవని ఇప్పుడు అర్థమయింది. ఆయన తల తిప్పి కిటికీ వైపు చూశాడు. ఎదుటి మేడ మీద నీళ్ల ట్యాంకు, దాని పైన ఆకాశం.

ఎంత నీలం! ఇది రోజూ ఇక్కడే, నెత్తిమీదే ఉంటోందా? జనం దీని కింద కూరగాయలు బేరమాడుతూ, బస్సుల కోసం పరిగెత్తుతూ ఎలా తిరుగుతున్నారు? ఒక్కడైనా ఆగి తలెత్తి నోరెళ్లబెట్టడేం? డాక్టరమ్మ వచ్చి అక్షరాలు చదవమంటే అక్షరాలు వదిలేసి ఆవిడ చెవిపోగుల రంగు చెప్పాడు. ఆవిడ నవ్వి, అందరూ ఇలాగే అంటారు, వారం పోతే అలవాటైపోతుందంది. అలవాటు కాకూడదని ఆయన మనసులో గట్టిగా అనుకున్నాడు.

ఇంటికొచ్చాక మొదటిసారి వచ్చిన చుట్టంలా గది గదికీ తిరిగాడు. స్నానాల గదిలో ప్లాస్టిక్ బకెట్టు ముందు గొంతుకూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోతే భార్య వచ్చి, కళ్లు తిరిగి పడ్డారేమో అనుకుని హడలిపోయింది. సంగతి తెలిశాక తీరిగ్గా గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

“ఇన్నాళ్లూ కళ్లు నెత్తికెక్కాయనుకున్నాను,” అంది. “ఇప్పటికి కిందికి దిగాయన్నమాట.”

ఆయన నవ్వాడు. లేచి వెళ్లి, బట్టల అలమర తెరిచి, సంఘానికి వేసుకెళ్లే ఆకుపచ్చ చొక్కా ఎక్కడుందని అడిగాడు. ఆ కొత్త కంటితో దాన్నీ ఒకసారి చూసుకోవాలనిపించింది. భార్య వచ్చి కొక్కేనికి వేలాడుతున్న చొక్కా తీసి చేతికిచ్చింది. ఆయన దాన్ని చూసి, ఇది కాదు, ఆకుపచ్చది అన్నాడు. ఇదే అంది ఆవిడ.

“ఇది నీలం కదే.”

“నీలమే. మీరు ఆకుపచ్చ చొక్కా అంటారు కాబట్టి ఈ ఇంట్లో దీని పేరు ఆకుపచ్చ చొక్కా. మొదట్లో రెండుమూడుసార్లు చెప్పి చూశాను. రంగుల సంగతి నాకు చెబుతావా అన్నారు. ఇక మానేశాను.”

ఆయన చొక్కాను వెలుగులోకి పట్టుకెళ్లాడు. ఎడమకన్ను అరచేత్తో మూసి చూశాడు. నీలం. కడిగిన ఆకాశంలా ఉంది. చెయ్యి మార్చి కుడికన్ను మూశాడు. ఆకుపచ్చ, కాస్త వెలిసిన ఆకుపచ్చ. మళ్లీ నీలం, మళ్లీ ఆకుపచ్చ. చొక్కా చేతిలో కదలకుండానే ఉంది. పిల్లాడు ఆటాడుకున్నట్టు అలా ఎన్నిసార్లు చేశాడో, భార్యకు విసుగొచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక ఆయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

ఆదివారం గుర్తొచ్చింది. మందుల షాపావిడ, చేతిరుమాలు, కప్పు లోపలికి టార్చి వేసి తను చూసిన శుభ్రమైన ఆకుపచ్చ.

ఆయన మంచం మీద కూలబడ్డాడు. ఒక్కొక్కటే నెమరేసుకున్నాడు. రివెట్లు సరిగ్గానే చూశాడు, వాటికి రంగుతో పని లేదు. ఒకటే పూత, అదీ సరిగ్గానే చూశాడు. ఎవరూ చెయ్యి పెట్టలేదు, ఫ్యాక్టరీ రంగేనని తన నోటితోనే చెప్పాడు. మిగిలిన ఒక్క ముక్క రంగు. ఆ ఒక్క ముక్కా ఈ కళ్లతో చెప్పాడు. ఆ బొమ్మ నీలమో కాదో ఇప్పుడు ఆయనకు తెలియదు. నిజంగా ఆకుపచ్చదే అయినా అలాగే కనిపించేది, నీలమైనా అలాగే కనిపించేది. నీలమే అయితే, జన్మంతా వెతికినదాన్ని చేతిలో పట్టుకుని, వాసన కూడా చూసి, నవ్వించి పంపించేశాడు. సిగ్గుతో ఆయనకు తల కొట్టేసినట్టయింది. దాని అడుగున, ఒప్పుకోడానికే భయమేసేంత ఆశ కూడా ఉంది.

సెక్రటరీకి ఫోన్ చేశాడు. ఆ రోజు ఆ ట్రామ్ ఏ రంగులో కనబడిందని సూటిగా అడిగాడు. అవతల సెక్రటరీ నీళ్లు నమిలాడు.

“నీలంగానే ఉంది సార్. మీరు ఆకుపచ్చ అన్నాక ఎండకి వెలిసిందేలే, నా కళ్లదే తప్పనుకున్నా.”

ఆ గదిలో అన్ని జతల కళ్లున్నాయి, అన్నిట్లోకీ చెడిపోయిన జత తనది. మిగిలినవాళ్లంతా తమ కళ్లను పక్కనపెట్టి దాన్నే నమ్మారు. ఇలా ఎన్నాళ్లుగా జరుగుతోందో, ఇంకా ఎవరెవరి బొమ్మలు ఇలా వెళ్లిపోయాయో ఆయనకు లెక్క తేలలేదు.

ఆవిడ చీటీ మీద రాసిచ్చిన నంబరు సెక్రటరీ దగ్గర తీసుకుని ఆవిడకు చేశాడు. తనెవరో చెప్పగానే అవతల గొంతు బిరుసెక్కింది. బొమ్మను ఇంకొకసారి చూడాలన్నాడు. మళ్లీ ఎందుకండీ, మీరు చెప్పేశారుగా అంది. ఫోన్లో తన కంటి సంగతి ఎత్తడానికి ఆయనకు నోరు రాలేదు. చూడకుండా ఆశపెట్టి, తీరా చూశాక మళ్లీ ఆకుపచ్చే అయితే? చూడాలి, అంతే అన్నాడు. ఆవిడ గొంతు తగ్గించింది. రావాలంటే రండి, కానీ ఒక్క సంగతి అంది.

“మా నాన్నకి నేను నిజమేనని చెప్పాను. మీరు ఒప్పుకున్నారని చెప్పాను. ఆయన ముందు మాత్రం కాదనకండి.”

బొమ్మల విషయంలో భూతద్దం ఎన్నడూ ఎవరి మొహమాటానికీ అబద్ధం చెప్పలేదు. సొంత బావమరిది తెచ్చినదాన్ని కూడా వెల్లకిలా పడుకోబెట్టినవాడు. అయినా, సరేనమ్మా, కాదనను అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం భార్య కంటి చుక్కల మందు జేబులో వేసి, నల్లద్దాలు తగిలించి, జాగ్రత్తలు చెప్పి బస్సెక్కించింది. మందుల షాపు ఒక ఇరుకు వీధిలో మలుపు దగ్గర ఉంది. ఆవిడ ఒకరికి మాత్రలు కత్తిరించి ఇచ్చి, షట్టరు సగానికి దించి, పక్కనున్న మెట్ల మీదుగా ఆయన్ని పైకి తీసుకెళ్లింది. మెట్ల మీద మందుల వాసన, పైకి వెళ్లేకొద్దీ పెద్దవాళ్లున్న ఇళ్లలో ఉండే నూనె వాసన.

ముసలాయన కిటికీ పక్కన మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కాళ్లు పడిపోయినట్టున్నాయి, దుప్పటి కింద కదలిక లేదు. కానీ నోరు మాత్రం దివ్యంగా ఉంది. భూతద్దం గుమ్మంలోకి అడుగు పెట్టాడో లేదో, రండి రండి, మీరేనా ఆ పెద్దమనిషి, మా అమ్మాయి చెప్పింది, మొదట అందరూ నవ్వితే మీరు అందర్నీ నోర్మూయించారటగా, అని అందుకున్నాడు. భూతద్దం గుమ్మం వైపు చూశాడు. కూతురు నేల చూపులు చూస్తోంది.

ట్రామ్ కిటికీ గట్టు మీద ఉంది, నాలుగు చక్రాల మీద నిలబడి. ఎండ సూటిగా పడకుండా దాని ముందు ఒక పుస్తకం అడ్డం పెట్టి ఉంది. వెలిసిపోకుండా ఇన్నేళ్లూ అలాగే పెడుతున్నానని ముసలాయన గొప్పగా చెప్పాడు.

భూతద్దం నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. బొమ్మను అందుకున్నాడు. ఎడమకన్ను మూశాడు.

నీలం.

సందేహం లేదు. ఎండకి వెలిసినదానికి అంచుల దగ్గర ఒక రంగు, మూలల్లో ఒక రంగు ఉంటుంది. ఇది పైనా కిందా, మూలమూలల్లోనూ ఒకే నీలం. కిటికీల్లోంచి కప్పు లోపలికి చూశాడు. ఈసారి టార్చి వెయ్యలేదు, పగటి వెలుగే చాలింది. ఎండ ఎన్నడూ చూడని ఆ ఇరుకు చీకట్లో కూడా నీలం నిన్ననే పూసినంత తాజాగా ఉంది. కుడికన్ను మూసి ఎడమకంటితో చూడాలన్న ఆలోచన వచ్చింది గానీ ఆయనకు మనసొప్పలేదు. ఒక్క క్షణమైనా దాన్ని మళ్లీ ఆకుపచ్చగా చూడడం ఇష్టం లేకపోయింది. కన్ను చెమర్చింది. ఆపరేషన్ అయిన కన్ను కాబట్టి చెమర్చిందని ఎవరైనా అనుకోవచ్చు.

ముసలాయన ఆయన మొహంలోకే చూస్తున్నాడు. ఏమంటారు అని అడిగాడు.

“అప్పుడు సరిగ్గా చూడలేదండీ,” అన్నాడు భూతద్దం. “ఇవాళ చూస్తున్నాను.”

ఎలా పుట్టిందో చెప్పమన్నాడు. ముసలాయనకు అంతకంటే ఏం కావాలి? చేతులు తిప్పుతూ మొదలుపెట్టాడు. రంగులు కొట్టే గది ఒక్కటేనట, ట్రామ్‌లకీ బొమ్మ పడవలకీ. డబ్బాలు ఒకే సైజు. ఒక పొద్దున్న తను పిచికారీ తుపాకీలో ఆకుపచ్చకు బదులు పడవల కోసం తెచ్చిన నీలం పోసేశాడు. కొట్టేటప్పుడు గదంతా పొగమంచులా ఉంటుంది, మొహానికి గుడ్డ, కళ్లకి అద్దాలు, ఏం తెలుస్తుంది? పళ్లెం పొయ్యిలోకి తోసి, ఆరాక బయటికి లాగాడు.

“బెదిరిపోయాననుకోండి. తప్పు చేశానని కాదు. అంత బాగున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు చేతిలో పని ఆపేశారు.”

ఫోర్‌మన్ వచ్చి నానా తిట్లూ తిట్టి, పళ్లెంతో సహా కరిగించే కొలిమి దగ్గరికి పంపించాడట. తనే మోసుకెళ్లాలి. దారిలో ఒకటి తీసి మేజోడులో దోపుకున్నాడు. చక్రాలు, అడుగు రేకు లేకుండా ఒట్టి డొల్ల అది. తరవాత రేకులు బిగించే బల్ల దగ్గర పనిచేసే స్నేహితుడొకడు ఎవరూ చూడకుండా దానికి చక్రాలు తగిలించి, రేకు పెట్టి, రివెట్లు కొట్టి ఇచ్చాడు. సాయంత్రం గేటు దగ్గర కుంటుతుంటే కాపలావాడు కాలికేమైందని అడిగాడట. మేకు గుచ్చుకుందన్నాడట. ముసలాయన అక్కడికొచ్చేసరికి తనలో తను ఊగిపోతూ నవ్వాడు. భూతద్దం కూడా నవ్వాడు గానీ, ఆయన చెవులు ఒక్క మాటనూ జారవిడవలేదు. ఫ్యాక్టరీ చేత్తోనే, ఫ్యాక్టరీ బల్ల మీదే కొట్టిన రివెట్లు. ఆదివారం తన భూతద్దం కింద కనబడింది అదే. ఆ పుకారును నలభై పుస్తకాల్లో వెతికాడు తను. అది ఇక్కడ, ఈ మంచం మీద, దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది.

సెలవు తీసుకునేటప్పుడు ముసలాయన రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు భూతద్దం. ముసలాయన కంగారుపడ్డాడు.

మెట్ల దగ్గరికి వచ్చాక కూతురు ఆ గది తలుపు దగ్గరగా వేసింది. అప్పటిదాకా బిగుసుకుని ఉన్న ఆమె భుజాలు కాస్త వదులయ్యాయి. థాంక్సండీ అంది. ఆ రోజు మీ మీద చాలా కోపమొచ్చింది, కానీ ఇవాళ మా నాన్న కోసం ఇంత చేశారు అంది.

“నేనేం చెయ్యలేదమ్మా. అది నీలమే.”

“ఇక్కడికి ఆయనకి వినబడదండీ,” అంది ఆమె మెల్లిగా. “ఇక నటించక్కర్లేదు.”

భూతద్దం తల అడ్డంగా ఊపాడు. తన కుడికన్ను చూపించాడు, ఆపరేషన్ సంగతి చెప్పాడు, చొక్కా సంగతి చెప్పాడు. ఆదివారం తను చెప్పినవాటిలో రంగు తప్ప మిగతావన్నీ నిజమేనని, ఆ రంగు ఒక్కటీ తన కంటిలోని శుక్లం నీలానికి కలిపిన పసుపేనని చెప్పాడు. వచ్చే ఆదివారం అందరి ముందూ ఈ మాటే చెబుతానన్నాడు. నాన్నలు చాలా చెబుతారని ఆ రోజు అన్న మాటకు క్షమించమన్నాడు. మాటలు తడబడ్డాయి గానీ ఏదీ దాచలేదు.

ఆమె వింటూ వింటూ మెట్ల గోడకు చెయ్యి ఆనించింది. ఆమె సంతోషిస్తుందనుకున్నాడు ఆయన. కానీ ఆమె మొహం పాలిపోయింది.

“మీరు కాదన్నప్పుడు నాకు కోపం మీరు నవ్వించినందుకు,” అంది. “కాదన్నందుకు కాదు. కాదన్నందుకు ఆశ్చర్యం కూడా వెయ్యలేదు. చిన్నప్పట్నుంచీ మా అమ్మ చెప్పేది, మీ నాన్న కోతలు వినకండర్రా, పని చూసుకోండి అని. నా కళ్లకి నీలంగానే కనబడుతోంది. చిన్నప్పట్నుంచీ నీలంగానే కనబడుతోంది. అయినా మీరు ఆకుపచ్చ అనగానే, అంతేలే, ఇదీ కోతే అనుకున్నాను. జాలిపడి అబద్ధం చెప్పాను ఆయనకి.”

ఆమె జవాబు కోసం ఆగలేదు. కింద షాపు దగ్గర ఎవరో షట్టరు తట్టి పిలిచారు. ఆమె వినిపించుకోకుండా వెనక్కి తిరిగి గది తలుపు తోసింది. దాన్ని మళ్లీ వెయ్యలేదు. ఆయన రెండు మెట్లు దిగి, నల్లద్దాల కోసం జేబు తడుముకుంటూ నిలబడిపోయాడు.

ఆమె గోడవార ఉన్న కుర్చీని మంచం దాకా లాక్కెళ్లి కూర్చుంది. ముసలాయన విస్తుపోయి, కింద ఎవరో పిలుస్తున్నారు, షాపు తెరవవా అన్నాడు.

“తెరుస్తాలే. నాన్నా, నువ్వు ఆ ఫ్యాక్టరీలో చేసినప్పటి సంగతులున్నాయిగా, అవన్నీ చెప్పు.”

“అన్నీ విన్నావుగా, వందసార్లు.”

“వినలేదు,” అంది ఆమె. “ఒక్కటి కూడా వినలేదు. ఇప్పుడు చెప్పు.”

ముసలాయన నోరు తెరిచాడు. ఇంతసేపూ గడగడా మాట్లాడిన మనిషి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, కూతురి మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.